ఆ రాత్రి చార్ట్‌లో ఏం రాశారు?

"అక్కా, అయితే నువ్వు పనిచేసేది వాళ్ళ తరఫునా?"

'వాళ్ళ' అన్న మాటని ఎంత ఒత్తి పలికిందంటే నాకు వెంటనే జవాబు రాలేదు. నిజమే, వాళ్ళ తరఫునే. అమెరికాలో వృద్ధులుండే నర్సింగ్ హోమ్ మీద ఏ కుటుంబమైనా కేసు వేస్తే, హోమ్ తరఫు లాయర్లు నన్ను పిలుస్తారు. ఆ మనిషి మెడికల్ రికార్డు మొత్తం చదివి, ఏ రోజు ఏ గంటకి ఏం జరిగిందో వరసగా రాసివ్వడం నా పని. అంతకు ముందు పదకొండేళ్ళు అలాంటి హోమ్‌లలోనే నర్సుగా చేశాను. ఒకప్పుడు రాసినదాన్ని, ఇప్పుడు చదువుతున్నాను. అంతే తేడా.

మన తెలుగులో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులూ చిన్న ఆపరేషన్లూ చేసే ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ ఆ మాటకి అర్థం వేరు. ఇంట్లో చూసుకోవడం కుదరని ముసలివాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, మతిమరుపు ముదిరినవాళ్ళు నెలలూ ఏళ్ళూ ఉండే చోటు. దేశం మొత్తం మీద సుమారు 15,000 ఉన్నాయి. వాటిలో ఉండేవాళ్ళు దాదాపు 12 లక్షల మంది.

ఫోన్ చేసింది నాకు చెల్లెలి వరస. వాళ్ళ నాన్నగారికి 86 ఏళ్ళు. మతిమరుపు, గుండె జబ్బు, గుల్లబారిన ఎముకలు. ఒక రాత్రి మంచం దిగి బాత్రూంకి వెళ్ళబోతూ పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యింది. అయిదు వారాలకి పోయారు. ఆమె ఒక లాయరుని కలిస్తే "ఇది మంచి కేసు" అన్నాడట. కాగితాలు ఒకసారి నువ్వు చూడు అని అడగడానికి నాకు ఫోన్ చేసింది. నేను ఎవరి వైపు పనిచేస్తానో అప్పుడే ఆమెకి తెలిసింది. (వాళ్ళెవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను. ఆ హోమ్‌తో నాకు ఏ సంబంధమూ లేదని చూసుకున్నాకే కాగితాలు ముట్టుకున్నాను.)

నా పనేమిటో చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖం మారడం నాకు అలవాటే. ముసలివాళ్ళని నిర్లక్ష్యం చేసి చంపిన కంపెనీలని కాపాడతావన్నమాట, అని పైకి అనరు, అంతే. అందుకే ఇది రాస్తున్నాను. నర్సింగ్ హోమ్‌ల తరఫున వాదించడం సిగ్గుపడాల్సిన పని కాదు. కాకపోతే అందులో నేను చేయని వాదనలు కూడా ఉన్నాయి. రెండూ చెబుతాను.

ముందు పడిపోవడం సంగతి. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఇవే.

కుటుంబం అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పడతారని తెలిసినప్పుడు మంచానికి రెయిలింగ్ ఎందుకు పెట్టలేదు? కుర్చీలో బెల్టు ఎందుకు వేయలేదు?" చాలా సహజమైన ప్రశ్న. ఒకప్పుడు అలాగే చేసేవాళ్ళు. ముసలివాళ్ళని చొక్కాలాంటి పట్టీలతో, నడుముకి బెల్టులతో కుర్చీలకి కట్టి కూర్చోబెట్టేవాళ్ళు, మణికట్లకి కూడా కట్టేవాళ్ళు. క్రూరత్వంతో కాదు, "భద్రత కోసం". పడితే ఎవరైనా కేసు వేస్తారన్న భయం కూడా దాని వెనక ఉండేది. కట్టేసిన మనిషి పడడు కదా. కానీ నాలుగు నెలల్లో నడక మరిచిపోతాడు, కండ కరిగిపోతుంది, పిరుదుల మీద పుండ్లు పడతాయి, విడిపించుకోబోయి ఆ పట్టీకే మెడ చిక్కి చనిపోయినవాళ్ళూ ఉన్నారు.

1987లో అమెరికా కాంగ్రెస్ నర్సింగ్ హోమ్‌ల సంస్కరణ చట్టం తెచ్చింది. మెడికేర్ (ముసలివాళ్ళకి), మెడికెయిడ్ (పేదవాళ్ళకి) అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాల డబ్బు తీసుకునే ప్రతి హోమూ దానికి కట్టుబడాలి. సిబ్బంది సౌకర్యం కోసమో శిక్షగానో ఎవరినీ కట్టకూడదు, మందులిచ్చి మత్తులో ఉంచకూడదు. ప్రతి మనిషికీ తన ఒంటి స్థితిలో సాధ్యమైనంత మంచి బతుకు దొరికేలా చూడాలి. ఆ తర్వాత కట్లు ఊడాయి. మంచం రెయిలింగుల మధ్య చిక్కుకుని జనం చనిపోతున్నారని 1995లో మందులనీ వైద్య పరికరాలనీ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా ఇచ్చింది.

కట్లు విప్పిన మనిషి నడుస్తాడు. ఎనభై ఆరేళ్ళ మనిషి నడిస్తే ఒకప్పుడు పడతాడు. ఏ హోమ్‌లోనూ లేకుండా సొంత ఇళ్ళలో ఉండే 65 ఏళ్ళు దాటినవాళ్ళలోనే ఏటా నలుగురిలో ఒకరు పడుతున్నారని ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క. ఇంట్లో పడితే "వయసు" అంటాం. హోమ్‌లో పడితే "నిర్లక్ష్యం" అంటాం. పడ్డ ప్రతి మనిషికీ ఒక కేసు అనుకుంటే, ఆ కేసుల ఒత్తిడికి హోమ్‌లు మళ్ళీ వెతుక్కునేది ఆ పాత బెల్టులనే. పేరు మారుస్తాయంతే. ఒరగబెట్టే కుర్చీ అంటారు, లేవనివ్వని బల్ల అంటారు. నేను పనిచేసిన చోటే చూశాను.

చట్టం కూడా పడినంత మాత్రాన తప్పు అనదు. కేసు నిలబడాలంటే నాలుగు తేలాలి. చూసుకోవాల్సిన బాధ్యత ఉందా, ఆ బాధ్యత తప్పారా, ఆ తప్పు వల్లే హాని జరిగిందా, ఆ హాని ఎంత. మొదటిదాని గురించి గొడవే ఉండదు. రెండోదాని మీద గంటల తరబడి వాదిస్తారు. కేసులు గెలిచేదీ ఓడేదీ మాత్రం మూడో దాని దగ్గర. ఆ తప్పు జరక్కపోయినా ఈ మనిషికి ఇదే జరిగేదా? ముసలితనమూ నిర్లక్ష్యమూ ఒకే ఒంట్లో పక్కపక్కనే ఉన్నప్పుడు ఏది ఏం చేసిందో విడదీయడం తేలిక కాదు. మా పనంతా ఆ విడదీయడమే.

దీనికి బెడ్ సోర్ కంటే మంచి ఉదాహరణ లేదు. పడుకున్న చోటే ఒత్తిడికి చర్మం చితికి పుండవుతుంది. ముదిరితే ఎముక దాకా పోతుంది. ఆ ఫోటో కోర్టులో పెద్ద తెర మీద వేస్తే జ్యూరీలో ఒకరిద్దరు తల తిప్పుకుంటారు. అక్కడితో కేసు సగం అయిపోయినట్టే. వాదించడానికి ఇంకేమీ మిగలనట్టు అనిపిస్తుంది.

కానీ ఫెడరల్ నిబంధనలోనే ఒక మాట ఉంది: మనిషి ఆరోగ్య స్థితిని బట్టి తప్పించలేనిదైతే తప్ప పుండు రాకూడదు. 'తప్పించలేనిది' అన్న వీలు అందులో ఉంది. చావు దగ్గర పడ్డప్పుడు గుండె, ఊపిరితిత్తుల్లాగే చర్మం కూడా పనిచేయడం మానేస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలోనే షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు, చావుకి ముందు సూచనగా వచ్చే పుండు గురించి రాశాడు. 1989లో కెన్నెడీ అనే అమెరికన్ నర్సు అలాంటిదే వర్ణించింది: నడుము కింద, త్రికం ఎముక మీద, బేరిపండు ఆకారంలో, కొన్ని గంటల్లోనే పైకి తేలే పుండు. ఆమె పేరుతోనే ఇప్పటికీ పిలుస్తున్నారు. పుండ్లన్నీ తప్పించగలిగేవి కావని 2010లో ఈ రంగం నిపుణుల సంఘం ఒప్పుకుంది కూడా.

ఇక్కడే నా చికాకు. ఈ 'తప్పించలేనిది' అన్న మాట దొరికాక కొందరు డిఫెన్స్ లాయర్లు, అంటే హోమ్ తరఫు వాళ్ళు, దాన్ని ప్రతి పుండు మీదా కప్పేస్తారు. అలా కుదరదు. ఆ మాట వాడుకునే హక్కు ఊరికే రాదు. చేరిన రోజే చర్మం చూశారా, బ్రాడెన్ స్కేల్ మీద పుండు పడే ప్రమాదం లెక్క కట్టారా (మార్కులు తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ, 18 లేదా అంతకంటే తక్కువ వస్తే జాగ్రత్త పడాలి), దాన్ని బట్టి పరుపు మార్చారా, పక్కకి తిప్పారా, తిండి చూశారా, ఫలితం లేకపోతే పద్ధతి మార్చారా? ఇవన్నీ చేశాక కూడా పుండు వచ్చిందంటే, అప్పుడు తప్పించలేనిది. ఏమీ చేయకుండా వచ్చినదాన్ని అలా పిలవడం అబద్ధం. ఒకసారి ఒక లాయరు ఈ వాదన రాసివ్వమంటే రాయనని చెప్పాను. ఆ ఆఫీసు నుంచి ఆరు నెలలు నాకు పని రాలేదు. తర్వాత వచ్చింది.

చేశారా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? చార్ట్ చూసి, అంటే ఆ మనిషి మెడికల్ రికార్డు చూసి. నా పగళ్ళూ రాత్రుళ్ళూ అక్కడే గడిచిపోతాయి కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓర్చుకోండి.

రెండేళ్ళు హోమ్‌లో ఉన్న మనిషి రికార్డు మూడు నాలుగు వేల పేజీలు ఉంటుంది. చేరిన 48 గంటల్లో ఆ మనిషిని ఎలా చూసుకోవాలో రాసే ఒక తాత్కాలిక కేర్ ప్లాన్, 14 రోజుల్లో పూర్తి పరీక్ష, ఆ తర్వాత మూడు నెలలకోసారి మళ్ళీ. ఇవి చట్టం పెట్టిన గడువులు. వీటితో పాటు ఎయిడ్‌లు, అంటే నర్సింగ్ అసిస్టెంట్లు, ప్రతి షిఫ్టులో నింపే గడులు వేలల్లో. తిన్నారా, తాగారా, తిప్పారా, కడిగారా. ఫెడరల్ చట్టం ప్రకారం ఒక ఎయిడ్‌కి కావలసిన కనీస శిక్షణ 75 గంటలు. రాత్రి షిఫ్టులో ఒక్కొక్కరి మీద ఇరవై మంది ఉన్నప్పుడు, ఒళ్ళు కడగడం ముందా, గడి నింపడం ముందా? మంచి ఎయిడ్ ఒళ్ళే కడుగుతుంది. గడి ఖాళీగా ఉండిపోతుంది. రెండేళ్ళ తర్వాత కోర్టులో అవతలి లాయరు ఆ ఖాళీ గడి చూపించి "రాయలేదంటే చేయలేదు" అంటాడు.

ఈ సూత్రం మాకు నర్సింగ్ కాలేజీలో నేర్పినదే. రాయడం నేర్పడానికి పనికొస్తుంది గానీ సత్యం మాత్రం కాదు. నేను చేసి రాయనివి ఎన్నో. ఖాళీ గడులున్న చార్ట్ అంటే నాకు భయం లేదు, అది మనుషులు రాసిన చార్ట్. నాకు గుండె దడ పుట్టించేది ఒక్క ఖాళీ కూడా లేని చార్ట్.

రెండు గంటలకోసారి, మూడు వారాల పాటు, రోజుకి పన్నెండు సార్లు, "ఎడమ పక్కకి తిప్పాం", "కుడి పక్కకి తిప్పాం". ఒక్క గడీ తప్పలేదు. ఆ మూడు వారాల్లో నాలుగు రోజులు ఆ మనిషి అసలు హోమ్‌లోనే లేడు, న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నాడు! లేని మనిషిని నలభై ఎనిమిది సార్లు పక్కకి తిప్పారు. ఇలాంటిది ఒకటి బయటపడితే మిగతా అన్ని పేజీలూ పోయినట్టే, నిజంగా చేసినవి కూడా. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు కదా, జ్యూరీ కూడా అలాగే చూస్తుంది. పైగా ఇప్పుడు చార్ట్ కంప్యూటర్లో ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ నిమిషానికి ఏది రాశారో, ఏది మార్చారో లోపల ఇంకో లెక్క నడుస్తూనే ఉంటుంది. కేసు నోటీసు వచ్చిన మర్నాడు కూర్చుని పాత నోట్లు "సరిచేసిన" మేనేజర్లని చూశాను. అసలు తప్పుకి పోయే డబ్బు కంటే ఆ సరిచేయడానికి పోయిందే ఎక్కువ. ఆ హోమ్ గురించి లాయరు అడిగితే నేను చెప్పింది ఒకటే: వాదించకండి, సెటిల్ చేయండి.

ఇంతవరకూ నర్సులు, ఎయిడ్‌ల సంగతి. వాళ్ళ వెనక యజమానులున్నారు. అక్కడ నా సానుభూతి బాగా తగ్గిపోతుంది.

హోమ్‌ల తరఫు వాదనల్లో అన్నిటికంటే బలహీనమైనది సిబ్బంది గురించి చేసేది. "మనుషులు దొరకడం లేదు, మెడికెయిడ్ ఇచ్చేది చాలదు." రెండూ కొంతవరకు నిజాలే. హోమ్‌లలో సగానికి పైగా మందికి డబ్బు కట్టేది మెడికెయిడే, అది తక్కువే ఇస్తుంది. కానీ కొన్ని హోమ్‌లలో భవనం ఒక కంపెనీది, మేనేజ్‌మెంట్ ఇంకో కంపెనీది, మందులూ సామానూ మూడో కంపెనీవి. మూడింటి యజమానీ ఒకరే. అద్దెల రూపంలో, ఫీజుల రూపంలో డబ్బు పక్క జేబులోకి పోయాక, ఈ జేబు చూపించి "మా దగ్గర లేదు" అంటే నేనెలా నమ్మను? ఏ రోజు ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారో జీతాల లెక్కల నుంచే ప్రభుత్వానికి పంపాలి. అది ఎవరైనా చూడొచ్చు. వాది లాయర్లు ముందు చూసేది అదే. నేనూ ముందు అదే చూస్తాను.

2024లో కేంద్ర ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది: ఒక్కో మనిషికి రోజుకి కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ ఉండాలని. పరిశ్రమ కోర్టుకి వెళ్ళింది. 2025 ఏప్రిల్లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది కాంగ్రెస్ కూడా 2034 దాకా అమలు చేయకూడదని చట్టం చేసింది. మా వైపు ఆఫీసుల్లో ఆ రోజు పండగలా ఉంది. నాకు మాత్రం రాత్రి షిఫ్టులు గుర్తొచ్చాయి. ఆ నిబంధన ఉండి ఉంటే, దాన్ని పాటించిన హోమ్‌ని కోర్టులో నిలబెట్టడం నాకు ఎంత తేలికయ్యేదో వాళ్ళకి తట్టలేదు.

ఇంకొకటి, ఆర్బిట్రేషన్. హోమ్‌లో చేర్చే రోజు కుటుంబం అరవై డెబ్బై పేజీల మీద సంతకాలు పెడుతుంది. ఆసుపత్రి వాళ్ళు ఇవాళే ఖాళీ చేయమంటున్నారు, అంబులెన్స్ బయట ఉంది, అమ్మ ఏడుస్తోంది. ఆ కాగితాల మధ్యలో ఒకటి ఉంటుంది: ఏదైనా తగాదా వస్తే కోర్టుకి, జ్యూరీ దగ్గరికి వెళ్ళను, ప్రైవేటు మధ్యవర్తి దగ్గరే తేల్చుకుంటాను అని. ఇది చెల్లదని వెస్ట్ వర్జీనియా కోర్టు అంటే 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని పక్కన పెట్టింది. 2017లో కెంటకీ కోర్టుకీ అదే జరిగింది. 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం అంత గట్టిది. 2016లో ప్రభుత్వం ఇలాంటి ముందస్తు ఒప్పందాలని నిషేధించబోతే కోర్టు ఆపింది. చివరికి 2019లో సగం మార్గం దొరికింది. ఒప్పందం పెట్టొచ్చు, కానీ సంతకం పెడితేనే చేర్చుకుంటామనకూడదు, అర్థమయ్యే భాషలో చెప్పాలి, 30 రోజుల్లోపు రద్దు చేసుకునే వీలివ్వాలి.

మా వాళ్ళకి ఇది బ్రహ్మాస్త్రం. ఖర్చు తక్కువ, పేపర్లో పేరు రాదు. నాకు మాత్రం గొంతులో ముల్లు. నిజంగా మంచి పని చేసిన హోమ్‌కి పన్నెండు మంది మామూలు మనుషుల ముందు నిలబడి "ఇదిగో మేం చేసింది" అని చెప్పుకునే అవకాశం కూడా ఆ కాగితం వల్లే పోతుంది. మూసిన గదిలో గెలిచినదాన్ని ఎవరూ నమ్మరు. మీరెవరైనా మీవాళ్ళని చేర్చబోతుంటే ఆ ఒక్క కాగితం పక్కన పెట్టి, తర్వాత చదివి చెబుతాననండి. అందుకని "చేర్చుకోం" అని వాళ్ళు అనలేరు. (ఇది చదివి నాకు పని ఇచ్చేవాళ్ళు ఏమనుకుంటారో, చూద్దాం.)

పరిహారానికి పరిమితుల సంగతి జోలికి పెద్దగా పోను. టెక్సస్ 2003లో పెట్టినవీ, కాలిఫోర్నియా 1975 నుంచి నడుపుతున్నవీ మా రంగంలో అందరికీ తెలిసినవే. నొప్పికి ఇచ్చే పరిహారం రెండున్నర లక్షల డాలర్లు దాటకూడదని గీత గీశారు. కాలిఫోర్నియా ఆ గీతని 2023 నుంచి పెంచుతూ వస్తోంది. గీత ఎక్కడున్నా, సంపాదన లేని ముసలివాళ్ళకి నొప్పి తప్ప లెక్క కట్టడానికి ఇంకేం ఉంటుంది? అందుకని ఆ గీత తగిలేది వాళ్ళకే ఎక్కువ. ఇది మా వైపు గదుల్లో ఎవరూ ఎత్తని మాట.

సరే, మా చెల్లెలి కాగితాల దగ్గరికి వస్తాను.

చట్టప్రకారం మనిషి బతికుంటే అడిగిన రెండు పనిదినాల్లో కాపీలివ్వాలి. పోయాక ఆస్తి వ్యవహారాలు చూసే ప్రతినిధి అడగాలి. అది ఆమే. వచ్చినవి 2,100 పేజీలు. రెండు శనాదివారాలు పట్టింది.

మొదటి వారం చదివింది చదివినట్టు ఆమెకి చెప్పాను. ఆమెకి నచ్చలేదు. చేరిన రోజే పడే ప్రమాదం ఎక్కువని రాశారు. మంచం ఎత్తు తగ్గించారు, పక్కన మెత్తటి చాప వేశారు. అంతకు ముందు ఒకసారి మంచం మీంచి జారితే, రాత్రి బాత్రూంకి తీసుకెళ్ళే వేళలు మార్చారు. ఫిజియోథెరపీ పెట్టారు. అన్నిటికంటే ముఖ్యంగా, కేర్ ప్లాన్ మీటింగ్‌లో రాసుకున్న ఒక మాట: "కూతురు కోరిక, నాన్నగారిని నడవనివ్వాలి, కట్టడి చేయకూడదు. ప్రమాదం ఉందని తెలుసు." కింద ఆమె సంతకం.

"నేనే అన్నానా?" అంది. అన్నది. సరైన మాటే అన్నది. ఆయన చివరి ఏడాదంతా వరండాలో నడిచారు, ఫిజియో నోట్స్‌లో అడుగుల లెక్కతో సహా ఉంది. ఆ పడటం హోమ్ తప్పు కాదని చెప్పాను. ఆ కేసు నా దగ్గరికి వచ్చి ఉంటే వెనకాడకుండా నిలబెట్టేదాన్ని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు వాళ్ళ మనిషివే అక్కా" అని ఫోన్ పెట్టేసింది.

రెండో వారం ఆ రాత్రి నోట్స్‌కి వచ్చాను. 1:50కి చాప మీద కనిపించారు. నర్సు వచ్చి చూసింది. "కాలు వంకర లేదు, నొప్పి లేదంటున్నారు, మంచం మీదికి చేర్చాం." 10:55కి డాక్టరుకి ఫోన్. 11:20కి కూతురికి ఫోన్. మధ్యలో తొమ్మిది గంటలు.

దెబ్బ తగిలి డాక్టరు అవసరం పడేలా ఉంటే వెంటనే డాక్టరునీ కుటుంబాన్నీ పిలవాలని నిబంధన. హోమ్ తరఫు నిపుణుడు ఏం చెబుతాడో నాకు తెలుసు, నేనే ఎన్నోసార్లు రాసిచ్చాను: ఆ సమయంలో దెబ్బ తగిలినట్టు గుర్తులేమీ లేవు, గమనిస్తూ ఉండటం సరైన పద్ధతే, తుంటి ఎముక విరిగిన సంగతి కొన్నిసార్లు గంటల తర్వాతే బయటపడుతుంది. వైద్యపరంగా అది తప్పు మాట కాదు. నర్సు నోట్ ఒక్కటే ఉంటే ఆ వాదన నిలబడేది కూడా.

చాలా హోమ్‌లలో ఇలాంటి చోటే అసలు పొరపాటు జరుగుతుంది. పడటం దగ్గర కాదు, పడ్డాక. చెబితే కేసు వేస్తారేమోనని ఫోన్ ఆలస్యం చేస్తారు, ఫోన్ ఆలస్యమైందనే కేసు పడుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులు 2001 నుంచి దీనికి ఎదురు దారిలో వెళ్ళాయి: తప్పు జరిగితే తామే ముందు చెప్పడం, తప్పు తమదైతే పరిహారం ఇస్తామనడం, కాకపోతే గట్టిగా వాదించడం. 2010లో వాళ్ళు లెక్కలు అచ్చువేశారు. క్లెయిములు తగ్గాయి, కేసులు సగానికి పైగా తగ్గాయి, లాయర్ల ఖర్చూ తగ్గింది. అది ఆసుపత్రుల సంగతి, నిజమే. నర్సింగ్ హోమ్‌కి ఇన్సూరెన్స్ కంపెనీ చెప్పేది ఇప్పటికీ "ఏమీ ఒప్పుకోకండి" అనే. బాధపడుతున్నాం అని చెప్పినంత మాత్రాన అది కోర్టులో సాక్ష్యంగా పనికిరాదని చాలా రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. అది కూడా చెప్పడానికి భయపడతారు.

ఎయిడ్‌లు నింపే గడులు నేను చివర్లో చదువుతాను, అలవాటు. ఆ రాత్రి మూత్రం ఎన్నిసార్లు పోశారో రాసే చోట, పక్కన కామెంట్‌కి ఉండే చిన్న ఖాళీలో, ఒక ఎయిడ్ 3:40కి ఇలా రాసింది: "ఎడమ తుంటి రుద్దుకుంటున్నారు. వాళ్ళ భాషలో ఏదో అడుగుతున్నారు. చెయ్యి పట్టుకుని 20 నిమిషాలు కూర్చున్నాను. నర్సుకి చెప్పాను."

ఇలాంటివి రాయొద్దనే మేం హోమ్‌లకి శిక్షణ ఇస్తాం. గడి నింపండి, అదనపు మాటలొద్దు అని. మా వైపు లాయరు ఎవరైనా ఆ లైను చూస్తే కళ్ళు మూసుకుంటాడు. "నర్సుకి చెప్పాను" అన్న రెండు మాటలతో నిపుణుడి వాదన అంతా పోయింది. 3:40కే తెలుసు, ఏడు గంటలు ఎవరూ డాక్టరుని పిలవలేదు. కానీ ఆ వేల పేజీల్లో ఆ హోమ్‌లో మనుషులు పనిచేశారని నాకు నమ్మకంగా చూపించింది కూడా ఆ లైనే. ఆ అమ్మాయి గడిలో టిక్కు పెట్టి వెళ్ళిపోవచ్చు.

చెల్లెలికి ఫోన్ చేశాను. ముందు ఆ లైను చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను. నాన్నగారు ఏం అడిగి ఉంటారో తనకి తెలుసంది, నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత మెల్లగా చెప్పాను. పడ్డందుకు, పోయినందుకు కేసు అంటే నిలబడదు, మీ లాయరు అదే రాస్తున్నాడు, ఓడిపోతారు. ఆ తొమ్మిది గంటలకి మాత్రం వాళ్ళు జవాబు చెప్పాలి. "మా లాయరు ఈ లైను సంగతి చెప్పలేదే" అంది. చూసి ఉండడు, అది నర్సింగ్ నోట్స్‌లో లేదు కదా.

పేజీ నంబరు రాసుకోమన్నాను. 1,764. కింది నుంచి నాలుగో గడి.